ఖమ్సీన్ గాలిలో బావమరిది

ఖమ్సీన్ గాలి పట్టపగలే కైరోని పసుపు దుమ్ములో ముంచేసింది. మిద్దె మీద నీళ్ల ట్యాంకు చాటున, ఒడి నిండా పావురాలతో దసూకీ నక్కి కూర్చున్నాడు. మెట్ల వైపు ఎవరో దగ్గారు.

"ఎవడ్రా అది?"

"నేనే, బావా."

"ఎవడికి బావ? నాకు బావమరిది లేడు. ఉన్నవాడు చచ్చాడు."

"నేను, బయూమీని. నోరు మూసుకో, దుమ్ము పోతుంది."

"నా నోరు, నా దుమ్ము! మూడేళ్లుగా మాటల్లేవుగా. ఇవాళ గాలికి నోరొచ్చిందా?"

"కళ్లు మండిపోతున్నాయి. ఎక్కడున్నావో చెప్పు."

"చెప్పను. గూటి కప్పు, దానిమీద ఆరేసిన జుబ్బాతో సహా ఎగిరిపోయింది కదా, పావురాల్ని ఏరుకుపోదామని వచ్చావు. దొంగెదవా!"

"వాలిన పిట్ట పట్టుకున్నవాడిది. ఈ వీధిలో అందరి పద్ధతీ అదే."

"పట్టుకుంటే పట్టుకున్నావు. మూడేళ్ల నాడు నా తెల్ల పావురం కడుపులో గోధుమలు కూరి వండుకు తిన్నావే!"

"తిన్నాను."

"సిగ్గులేదూ?"

"అంతా ఎముకలే. నువ్వు మేపితేగా!"

"ఒరేయ్! దగ్గరికి రా, చెప్తాను."

"ఎటు రావాలి? తిడుతూ ఉండు, గొంతు పట్టుకుని వస్తాను."

"పట్టుకో నా గొంతు! పిట్టలయ్యాక మిగిలింది అదేగా."

"ట్యాంకు దగ్గరున్నావా?"

"ఆ... ఆగాగు! అటు కాదు, అక్కడ పిట్టగోడ లేదు. నువ్వు పడి చస్తే మీ అక్క నన్ను బతకనిస్తుందా?"

"అక్క బాగానే ఉందా?"

"దానికేం? కింద తలుపు సందుల్లో తడిగుడ్డలు కూరుతోంది. కనబళ్లేదా?"

"చూడలేదు. పరిగెత్తుకొచ్చాను."

"అంత ఆత్రమా నా పావురాల మీద! చెయ్యి వెయ్యి చూద్దాం... ఒరే, ఏంట్రా ఆ చేతులు? రక్తం!"

"ఏం లేదు. రేకు గీసుకుంది."

"ఏ రేకు?"

"ఏదో రేకులే. నీ తల చూపించు. ఇటు తిరుగు. నడుం?"

"నా నడుంతో నీకేం పని? పావురాల సంగతి అడగవేం? అడుగు! ఒక్కటి కూడా ఇవ్వను."

"నీ పావురాల మొహం మండ! నీ గూటి కప్పు వచ్చి మా మిద్దె మీద పడింది. దాని కింద నుంచి నీ జుబ్బా చెయ్యి బయటికొచ్చి కనబడింది. ఉత్త చేతుల్తో రేకులన్నీ పీకాను, బావా... జుబ్బాలో నువ్వు లేవు."