నల్లబడని చారలు

ల్యాబ్‌లో మేడమ్ గది. తలుపు దగ్గరగా వేసి ఉంది. మధ్యాహ్నం రెండు దాటింది.

“కూర్చో బాబాయ్, ముందు కూర్చో. ఇరవై రెండేళ్ళుగా ఈ ల్యాబ్‌లో ఉన్నావు. నా ఎదురుగా కూర్చోడానికి ఇంకా మొహమాటమేంటి?”

“కూర్చుంటే చెప్పలేనమ్మా. నిలబడే చెప్తాను. లేకపోతే మళ్ళీ మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతాను, పొద్దున్న వెళ్ళిపోయినట్టు.”

“పొద్దున్న నువ్వు సభ సంగతి అడగడానికొచ్చావనుకున్నాను. నాలుగింటికి హాల్లో ఉండాలి, గుర్తుందిగా? చెత్తా, కరెంటూ తగ్గించినందుకిచ్చే పచ్చని ల్యాబ్ బహుమతి మనది. నిన్ను స్టేజీ ఎక్కిస్తాను. చెత్త సగానికి తగ్గించింది నేను కాదు, మా అసిస్టెంట్ అని మైకులో చెప్తాను.”

“అదే వద్దంటున్నాను.”

“ఎందుకు? సిగ్గా?”

“సిగ్గే. మీరనుకునే సిగ్గు కాదు.”

“ఏమైంది? ఇస్త్రీ చొక్కా లేదా? మన వాళ్ళలో ఎవరిదైనా—”

“మనం చెత్త సగానికి తగ్గించలేదమ్మా.”

“తగ్గించాం కదా. వరండాలో బోర్డు మీద రాసి ఉంది. ద్రవాలు పీల్చే ప్లాస్టిక్ పిపెట్లు మానేసి గాజు గొట్టాలు పెట్టాం, కడిగి మళ్ళీ వాడుతున్నాం. పెద్ద ఫ్రీజర్ చలి పది డిగ్రీలు తగ్గించాం. చెత్తని ఆవిరితో ఉడికించే కుక్కర్ రోజూ కాకుండా వారానికి రెండుసార్లే వేస్తున్నాం. కరెంటు మీటరు చూడు—”

“అవన్నీ నిజమేనమ్మా. ఎవరూ కాదనరు. వాటితో పాటు నేనొకటి చేశాను.”

“ఏం చేశావు?”

“శుక్రవారం చెత్త తూకం వేస్తారు కదా. దానికి ముందే కొంత చెత్త నా అన్నం సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళిపోయేవాణ్ణి.”

“తీసుకెళ్ళి?”

“మా వీధి చివర, బస్టాపు పక్కన పెద్ద డబ్బా ఉంటుంది. అందులో గుమ్మరించేవాణ్ణి.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“మూడో అంతస్తు ల్యాబ్ వాళ్ళు పోటీలో మనల్ని దాటిపోయిన వారం నుంచి. ఆ రోజు మీరు బోర్డు చూసి ఏమీ అనలేదు. లోపలికొచ్చి తలుపేసుకున్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఏముంది, నాలుగు గ్లౌజులు, పది ట్యూబులు, పోతే పోయాయి అనుకున్నాను. మొదటి వారం బస్సులో సంచి కాళ్ళ మధ్య దాచుకున్నాను. రెండో వారం అలవాటైపోయింది. మనిషి ఎంత తొందరగా దొంగైపోతాడో నాకిప్పుడే తెలిసింది.”

“సరే. సరే బాబాయ్. అయిందేదో అయింది. కుక్కర్లో ఆవిరి పట్టిందే కదా తీసుకెళ్ళావు? క్రిమి అన్నది లేకుండా చచ్చిందే కదా?”

“ఆవిరి పట్టిందే. సంచి మీద టేపు చూసి మరీ తీసేవాణ్ణి. చారలు నల్లబడితే ఉడికినట్టు. తెల్లగా ఉంటే ముట్టుకునేవాణ్ణి కాను. అనుకుంటున్నాను.”

“అనుకుంటున్నానేంటి?”

“మా వీధి ఊడ్చే చెల్లెమ్మ చెయ్యి వాచిందమ్మా.”

“ఎవరు?”

“మా వీధి ఊడుస్తుంది. ఆ డబ్బా ఖాళీ చేసేది కూడా తనే. శనివారం పొద్దున్న డబ్బాలో చెయ్యి పెడితే గాజు ముక్క గ్లౌజు చీల్చుకుని వేల్లో దిగబడింది. అంతకు ముందు దాకా రోజూ నన్ను ఆటపట్టించేది. ‘సైంటిస్టు అన్నయ్యా, ఇవాళ ఏం కనిపెడుతున్నావ్?’ అని. నేను సీసాలు కడుక్కునేవాణ్ణని తెలుసు. అయినా సైంటిస్టునే.”

“డాక్టరుకి చూపించుకుందా?”

“ఆదివారం నుంచి ఆస్పత్రిలోనే ఉంది. వెళ్ళే ముందు మా ఇంటికొచ్చింది. ఆ గాజు ముక్కని కవర్లో దాచింది. ‘నువ్వు చదువుకున్నవాళ్ళ మధ్య ఉంటావు కదా, ఇదేంటో చూసి చెప్పన్నయ్యా’ అంది.”

“నువ్వేమన్నావు?”

“తెలీదన్నాను.”

“నిజంగా తెలీదా?”

“చూడగానే తెలిసింది. మన గాజు గొట్టం. దానికి అతుక్కుని మన టేపు. చారలు తెల్లగా ఉన్నాయి.”

“తెల్లగానా?”

“తెల్లగానే. వింటున్నారామ్మా?”

“వింటున్నాను. ఆ టేపు ఈ బిల్డింగులో అయిదు ల్యాబులు వాడతాయి.”

“గాజు గొట్టాలు మనమొక్కళ్ళమే.”

“అలాంటి డబ్బాల్లో ఎక్కడెక్కడి చెత్తో పడుతుంది. ఏ క్లినిక్కు వాళ్ళో—”

“అమ్మా.”

“నేనేమంటున్నానంటే, తొందరపడి మన మీద వేసుకోవడం—”

“మూడు రోజుల నుంచి మందు ఎక్కిస్తున్నారు. వాపు దిగట్లేదు. ఎరుపు మోచేతి దాకా పాకింది. ఆ గాజు ఎక్కడిదో తెలిస్తే ఏ మందు వెయ్యాలో తెలుస్తుంది, లేకపోతే చీకట్లో తడుముకుంటున్నట్టే అన్నాడట డాక్టరు. సాయంత్రం దాకా చూసి వేలు తీసేస్తారట.”

“సాయంత్రమంటే ఎన్నింటికి?”

“నాకేం తెలుసమ్మా! సాయంత్రమంటే సాయంత్రమే.”

“సరే, అరవకు. నాలుగింటి సభ ఒక్కటీ అయిపోనీ. గంటలో తేలిపోతుంది. ఆ తర్వాత ఇద్దరం కలిసే వెళ్దాం. కార్లో వెళ్దాం.”

“ఆ తర్వాత వెళ్తే పరామర్శకి వెళ్ళినట్టు ఉంటుంది. వేలుండదు.”

“మేడమ్, లోపలికి రావచ్చా? ఫొటోగ్రాఫరొచ్చాడు. బోర్డు పక్కన నిలబెట్టి మీ ఫొటో తీయించమన్నారు డైరెక్టర్ గారు.”

“వస్తున్నానండీ సూపర్నెంటు గారూ. అయిదు నిమిషాలు. ఆ తలుపు వేసి వెళ్ళండి.”

“వెళ్ళండమ్మా. నేను మిమ్మల్ని ఆపను. నా పేరే చెప్పండి, మీ పేరు ఎక్కడా రానివ్వను. ఉద్యోగం పోతే పోయింది. నాక్కావాల్సింది ఒక్కటే. బుధవారం సంచిలో ఏ పురుగుందో ఒక చీటీ మీద రాసివ్వండి. పట్టుకెళ్ళి డాక్టరు చేతిలో పెడతాను.”

“బుధవారమా?”

“బుధవారమే తీసుకెళ్ళాను. గురు, శుక్రవారాలు సెలవు పెట్టాను కదా, మా అమ్మాయికి పరీక్షంటే తోడెళ్ళాను.”

“బుధవారం ఏమేం తీసుకెళ్ళావు?”

“ఎప్పటిలాగే. గ్లౌజులు, ట్యూబులు, ప్లాస్టిక్ ప్లేట్లు.”

“గాజు?”

“గాజెప్పుడూ పెట్టలేదమ్మా. ఎవరికైనా గుచ్చుకుంటుందని పగిలినవన్నీ అట్టపెట్టెలోనే వేసేవాణ్ణి. అదే నాకు అంతుపట్టట్లేదు. ఎలాగో జారి కలిసుంటుంది. ఆ రోజు కళ్ళజోడు కూడా ఇంట్లో మర్చిపోయాను. చారలు సరిగ్గా చూసుండను. మూడు రోజులుగా ఒకటే ఆలోచన. నేను చూశానా, లేదా, చూశానా, లేదా—”

“ఏ సంచిలో ఉందంది?”

“ఎవరు?”

“ఆవిడ. ఆ గాజు ఏ సంచిలో ఉందని చెప్పింది?”

“బట్టల షాపు సంచట. లోపల ఇంకో సంచి. రెండు ముళ్ళు వేసుందట. కొత్త సంచిలా ఉంటే పనికొస్తుందని ముడి విప్పబోయింది, పిచ్చిది.”

“నువ్వు మరి సంచితో సహా పారేసేవాడివా?”

“లేదమ్మా, గుడ్డ సంచి కదా. గుమ్మరించి మళ్ళీ ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. అన్నం గిన్నె దాంట్లోనే… దాంట్లోనే కదా…”

“కూర్చో బాబాయ్.”

“మీరేంటమ్మా అలా అయిపోయారు?”

“కూర్చో. ఆ గాజు నీది కాదు.”

“నన్ను కాపాడ్డానికి అంటున్నారు.”

“నెల కిందట మీ బస్టాపు దగ్గర కారు ఆగింది. ముందు బస్సు కదలట్లేదు. నువ్వు ఆ డబ్బా దగ్గర నిలబడి అటూ ఇటూ చూసి సంచి గుమ్మరించావు. నేను కార్లోంచి చూశాను.”

“చూశారా? మరి ఒక్క మాట అడగలేదేం?”

“అడిగితే మానేస్తావు.”

“మానెయ్యకూడదనే ఊరుకున్నారా?”

“ఆ శుక్రవారం తూకం తగ్గింది. బోర్డు మీద అంకె నేనే వేశాను, నా చేత్తో. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.”

“అమ్మా, ఇంక చాలు.”

“చాలదు, విను. మొన్న గురువారం నువ్వు లేవు. మర్నాడే ఆఖరి తూకం. మూడో అంతస్తు వాళ్ళకీ మనకీ తేడా లేదు. కుక్కర్ పక్కన ఒక సంచి ఉంది, విరిగిన నా గాజు గొట్టంతో సహా ఉడకడానికి పెట్టింది. మంగళవారం తర్వాత మళ్ళీ శుక్రవారం దాకా కుక్కర్ వెయ్యకూడదు. ఆ రూలు పెట్టింది నేనే. ఉడికించి నీలాగే బయటికి తీసుకెళ్దామంటే మీటరు పెరుగుతుంది. ఇక్కడే ఉంచితే సంచి తూకానికొస్తుంది. డిక్కీలో ఒక బట్టల షాపు సంచి ఉంది. దాంట్లో పెట్టి, రెండు ముళ్ళు వేసి, మీ బస్టాపు డబ్బాలోనే పడేశాను.”

“చారలు చూశారా?”

“చూశాను.”

“కంగారులో సరిగ్గా చూసుండరు.”

“సరిగ్గానే చూశాను. తెల్లగా ఉన్నాయి. తెల్ల చారలున్నది ఏదీ ఈ గడప దాటకూడదని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటి రోజే చెప్తాను. అంత బాగా చూశాను. ఒక్క సంచే కదా, లారీ ఎత్తుకుపోతుంది కదా అనుకున్నాను. చేత్తో ఎత్తేవాళ్ళు ఒకరుంటారని అనుకోలేదు. అనుకోదల్చుకోలేదు.”

“అందులో ఏముందమ్మా?”

“నా బెంచి మీదిది. పుండ్లలో పెరిగే బాక్టీరియా. మామూలుగా ఇచ్చే మందులు దాన్నేం చెయ్యలేవు. అలాంటివాటినే ఏరి పెంచుతున్నాం, దేనికి లొంగుతాయో తెలుసుకోడానికి.”

“లొంగుతుందా?”

“రెండు మందులకి లొంగుతుంది. ఆ రెండూ ఏవో నాకు తెలుసు.”

“ఎప్పుడు తెలిసింది మీకు? ఆ గాజు మీదేనని?”

“తెల్ల చారలు అన్నావు చూడు, అప్పుడు.”

“అప్పుడు తెలిసి కూడా సభ అయ్యాక వెళ్దామన్నారా?”

“అన్నాను.”

“నేను మూడు రోజులు దాచినందుకు మొహం ఎత్తలేక ఇక్కడికొచ్చానమ్మా. మీరు నన్ను తిడతారని వచ్చాను. తిట్టించుకుంటే కాస్త బరువు తగ్గుతుందని.”

“తిట్టే మొహం నాకు లేదు. ఫోన్ తియ్యి. అక్కడ ఎవరున్నారు?”

“వాళ్ళాయన ఉన్నాడు, వార్డు బయట.”

“కలుపు. డాక్టరుకి ఇమ్మను. పరిగెత్తుకెళ్ళి ఇమ్మను.”

“బావా, నేనే… ఆఁ, మా మేడమ్ మాట్లాడతారు, డాక్టరు గారికివ్వు. తర్వాత చెప్తాను, ముందు ఇవ్వు. ఎంత పనిలో ఉన్నా సరే ఇవ్వు… ఇదిగోనమ్మా, తీసుకున్నారు.”

“మేడమ్, డైరెక్టర్ గారు స్వయంగా వచ్చి బోర్డు దగ్గర నిలబడ్డారు—”

“రానని చెప్పండి, సూపర్నెంటు గారూ.”

“రారా? మరి ఫొటో?”

“రాను. హలో, డాక్టరు గారా? గాజు గుచ్చుకుని వేలు వాచిన ఆవిడ గురించి. వీధి ఊడ్చే ఆవిడ. అవును. మీరిప్పుడిస్తున్న మందు దానికి పనిచెయ్యదండీ. రెండు పేర్లు చెప్తాను, రాసుకోండి… రాసుకున్నారా? వెంటనే మొదలుపెట్టండి, దయచేసి వేలి జోలికి ఇప్పుడే పోకండి. పరీక్షల కాగితాలు పట్టుకుని అరగంటలో మీ ముందుంటాను… ఇంత ఖచ్చితంగా ఎలా తెలుసంటే, దాన్ని పెంచింది ఇక్కడేనండీ… నేనా? ల్యాబ్ హెడ్‌ని. కాదు, కేసు షీటులో అలా రాయకండి. ఆ గాజుని ఆ డబ్బాలో పారేసిన మనిషి అని రాయండి.”