ఎండ గోడెక్కేదాకా

ప్యూబ్లా నగరంలో, చర్చి వెనక సందు మొగదల మొక్కజొన్న రొట్టెల్లో మాంసం చుట్టిచ్చే దొమితీల టాకోల బండి, దాన్ని ఆనుకునే ఎల్విరా షర్బతుల బండి.

"ఎండ చర్చి గోడెక్కితే గానీ పరదా తియ్యవా వదినా? నీ కోసం నిలబడి నిలబడి జనం నా షర్బతులన్నీ తాగేస్తున్నారు."

"మంచిదేగా ఎల్విరా. అమ్ముకో."

"అమ్ముకుంటున్నాలే. ఫిదెన్సియో అన్నయ్య ఉన్నప్పుడు చీకటితోనే తెరిచేవాళ్లు."

"అప్పుడు ఇద్దరం."

"సరే, మరి శుక్రవారం అసలు తెరవనే లేదేం?"

"కడుపులో బాగోలేదు."

"నీకా? రాళ్లు తిన్నా అరిగించుకునేదానివి, నీకు కడుపునొప్పా! ఎవరికి చెప్తావ్?"

"ఆ ఉల్లిపాయలు ఇటివ్వు."

"మాట మార్చకు."

"అమ్మా… ఒక్క మాట. ఇక్కడ తినొచ్చా? ఊరికి కొత్త. రోడ్డు మీద తింటే కడుపు పాడవుతుందని మావాళ్లందరూ ఒకటే…"

"వదినా, టూరిస్టు పిల్ల అడుగుతోంది. చెప్పు."

"నీళ్లు మరిగించినవి. మాంసం పొయ్యి మీదే ఉంది. పచ్చడి పొద్దున రుబ్బింది. ప్లేటుకి ప్రతిసారీ కొత్త ప్లాస్టిక్ సంచీ తొడుగుతాను. డబ్బు ఆ డబ్బాలో నువ్వే వెయ్యాలి, చిల్లరా నువ్వే తీసుకోవాలి. నేను ముట్టుకోను."

"మరి ఆ కొత్తిమీర?"

"క్రిములు చచ్చే మందు చుక్కలేసిన నీళ్లలో నానబెట్టాను."

"అలా బళ్లో పాఠం అప్పజెప్పినట్టు చెప్తే భయపడదూ! ఇదిగో అమ్మాయ్, నే చెప్తా విను. జనం ఉన్నచోట తిను, పొగలొస్తున్నది తిను. ఈ బండి దగ్గర తిని మంచం పట్టినవాడు ఇంతవరకూ లేడు. మొగుడు పోయి నెలైనా కాలేదు, అయినా ఈవిడ…"

"ఎల్విరా."

"సరే, సరే."

"అయ్యో. నాకు తెలీదమ్మా. …రెండివ్వండి."

"ఉల్లి, కొత్తిమీర, పచ్చడి, అన్నీ వెయ్యనా?"

"అన్నీ వేయండి. …అబ్బ, ఎంత బాగుందో! కాస్త ఉప్పెక్కువ, అంతే."

"ఉప్పా?"

"కొంచెమే. పర్లేదమ్మా, వస్తాను."

"మంచిది."

"మొన్న ఆ టాక్సీ ఆయనా అదే అన్నాడు వదినా. ఉప్పు రెండుసార్లు వేశావని. అసలు పొద్దుట్నుంచి ఏమైనా తాగావా?"

"నీ బండి మీదదే తాగా. బియ్యం షర్బతు."

"బియ్యం షర్బతు ఇవాళ నేను కలపలేదే!"

"ఆ చివర గ్లాసులో ఉంటే తాగా. బాగుంది."

"బాగుందా?"

"ఆఁ. తియ్యగా."

"వదినా, అది నిన్నటిది. పులిసి కంపు కొడుతుంటే పారబొయ్యడానికి పక్కన పెట్టా. దాని మీద ఈగ కూడా వాలట్లేదు."

"…ఉల్లిపాయలు అయిపోయినట్టున్నాయి."

"పడెయ్ ఆ ఉల్లిపాయలు! ఇటు చూడు. నీకు వాసన తెలియట్లేదా?"

"తెలియట్లేదు."

"రుచి?"

"అదీ లేదు."

"ఎప్పట్నుంచి?"

"ఆయన పోయాక తొమ్మిది రోజుల ప్రార్థనలప్పుడు ఇంటినిండా బంతిపూలు, సాంబ్రాణి పొగ. అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. నాకు పొగ కనబడుతోంది గానీ వాసన లేదు. ఏడుపూ రాలేదు."

"డాక్టరేమన్నాడు?"

"ఒకాయన జలుబన్నాడు. ఇంకొకాయన బెంగన్నాడు. ఇద్దరూ ఒకే మాత్ర రాశారు."

"నాకో మాట చెప్పొద్దూ!"

"చెప్తే బండి మూసెయ్యమంటావు. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను? గోడలు చూడనా?"

"మూసెయ్యాల్సిందే మరి! అన్నయ్య ముక్కు పెట్టి చూడందే కసాయి దగ్గర మాంసం ముక్క కొనేవాడు కాదు. నువ్వు ఏం చూసి కొంటున్నావ్? పచ్చడి పులిసిందో లేదో నీకెలా తెలుస్తోంది? వీళ్లంతా నిన్ను నమ్మి తింటున్నారు వదినా. ఇందాకటి పిల్ల కూడా!"

"ఈ నెలలో ఎవరికైనా ఏమైనా అయిందా?"

"లేదు. ఒక్కరికీ కాలేదు. అదే నాకు అర్థం కావట్లేదు."

"చీకటితోనే వస్తాను ఎల్విరా. అన్నీ వేసుకుని ముందు నేను తింటాను. ఎండ ఆ గోడెక్కేదాకా పరదా వెనక కూర్చుంటాను. నాకేమీ కాకపోతే తెరుస్తాను. శుక్రవారంనాడు అయింది, తెరవలేదు."