పాముకి పెళ్ళిచూపులు

అలా కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంటే ఎలాగండీ ఉమామహేశ్వరరావు అన్నయ్యగారూ? అదేం చేస్తుంది మిమ్మల్ని? మూరెడు కూడా లేదు. మొదట్లో నేనూ భయపడ్డాను లెండి. శాంతి దాన్ని తెచ్చిన రోజు నేను పెట్టిన కేకకి ఈ వెర్రిబీ ఊరంతా వీధిలోకొచ్చింది, రైళ్ళాగిపోయాయి.

మీరు సిడ్నీ నుంచి ఎందుకొచ్చారో తెలుసు. మా శాంతిని మళ్ళీ ద్వారకానాథ్ దగ్గరికి పంపమనడానికి. సంబంధం కుదిర్చినవారు, అడుగుదురుగాని. ముందీ పాము సంగతి వినండి.

మా అమ్మాయి మొగుణ్ణి వదిలి ఈ ఊరొచ్చి, ఉద్యోగం వెతుక్కుని, నన్ను బాపట్ల నుంచి పిలిపించుకుంది కదా. ఒకరోజు, ఇంట్లో ఏదైనా ప్రాణి ఉంటే బాగుంటుందమ్మా అంది. కుక్కని తెచ్చుకోవే అన్నాను.

"వద్దమ్మా. అరవనిది కావాలి" అంది.



ముందు లైసెన్సు తెచ్చుకుంది. ఇక్కడ పాముని పెంచాలంటే గవర్నమెంటు కాగితం ఇవ్వాలి. మొగుణ్ణి తెచ్చుకోవాలంటే మీరొక్కరు చాలు.

జీలాంగ్ వైపు ఎవరో దొరసాని పాముల్ని పెంచి అమ్ముతుందంటే వెళ్ళాం. ఆవిడ షెడ్డులో లక్ష పాములున్నాయి, ఒక్కొక్కటి తెనాలి పాసింజరంత పొడుగు. మా అమ్మాయి, కొండచిలువల్లోకెల్లా చిన్నజాతిది కావాలి, కొత్తవాళ్ళ చేతికి మాలిమి అయ్యేది కావాలి అంది. ఆ తర్వాత అడిగింది చూడండీ ప్రశ్నలు. దీన్ని అడవిలో పట్టారా, మీ దగ్గరే పుట్టిందా? దీని తల్లిదండ్రుల్ని చూపిస్తారా? ఎవర్నైనా కరిచిందా, కరిస్తే ఎందుకు కరిచింది? పెద్దదైతే ఎంతవుతుంది? ఆకలేసినప్పుడు ఎలా ఉంటుంది? తింటుంటే నా కళ్ళతో చూడాలి అంది. ఆవిడ ఫ్రీజర్‌లోంచి ఎలుకపిల్లని తీసి, వేణ్ణీళ్ళలో వేసి, మెత్తబడ్డాక దాని ముందు పెట్టేదాకా కదల్లేదు. ఇప్పుడా ఎలుకలు మా ఫ్రీజర్‌లో కొబ్బరికోరు పక్కన ఉన్నాయి. అదలా ఉంచండి.

ఇది నా కూతురేనా అని నోరెళ్ళబెట్టాను. మీకు గుర్తుందా, పెళ్ళిచూపులనాడు తల ఎత్తలేదు. అబ్బాయిని ఏమైనా అడుగుతావా అమ్మా అని మర్యాదకి మీరే అన్నారు. అది నోరు విప్పేలోపల నేనే అందుకుని, అబ్బే, మా పిల్ల అలాంటిది కాదండీ అన్నాను. ఎంత గొప్పగా అన్నానో.

పోనీ మనమైనా అడిగామా? వైటూకే అబ్బాయి, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోకుండా చూసేవాడు అన్నారు మీరు. ఆ ఒక్క మాటకి బాపట్లలో ఆడపిల్లల తల్లులందరూ మీ గుమ్మం ముందు బారులు తీరారు. తిరుపతి క్యూ దానిముందు ఏపాటి? వీసా ఏదన్నాం, జీతమెంతన్నాం, జాతకాలు ఈమెయిల్లో పంపుకున్నాం. కోపమొస్తే ఎలా ఉంటాడని ఒక్కరం అడగలేదు. తీరా పోయిన జనవరి ఒకటిన ప్రపంచంలో కంప్యూటర్లన్నీ నిక్షేపంగా పనిచేశాయి. ఆయనగారి కాంట్రాక్టే పోయింది.

నేను దేన్నైనా పదింతలు చేసి చెబుతానని చుట్టాలందరూ అంటారు. నిజమే. ఇదొక్కటి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతున్నాను. అన్నం చల్లారిందని కంచం విసిరాడు. దాని కనుబొమ మీద కుట్లు పడ్డాయి. ఆసుపత్రికి ఒక్కతే బస్సులో వెళ్ళింది. అంతే.

ఏమంటారు? ఇప్పుడు కొత్త ఉద్యోగం వచ్చిందా. మనిషి మారిపోయాడా. కడుపు నిండిన పాముని చంటిపిల్లలు కూడా మెళ్ళో వేసుకుంటారు అన్నయ్యగారూ.

బేరం కుదిరాక ఆ దొరసాని ఏదో అంది. నాకు ఇంగ్లీషేం తెలుస్తుంది, దారిలో శాంతి చెప్పింది. "దీనితో నీకు పొసగకపోతే మొహమాటపడకు, ఎప్పుడైనా సరే వచ్చెయ్యి" అందట. ముక్కూమొహం తెలియని మనిషి. కన్నదాన్ని, నేనామాట దానికి ఏనాడూ చెప్పలేదు. మొదటిసారి ఫోన్ చేసి ఏడిస్తే, సర్దుకోవే, మగాళ్ళు అంతే అన్నాను. ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోతాయని పెట్టేసింది.

ఏమిటీ, శాంతినే నేరుగా అడుగుతారా? అదే వద్దంటున్నాను.

పాములావిణ్ణి అన్ని ప్రశ్నలడిగిన పిల్లే, మీరు "అమ్మా శాంతీ, పెద్దవాణ్ణి, నా మాట నిలబెట్టు" అన్నారంటే తలవంచుకుని లోపలికెళ్ళి బట్టలు సర్దుకుంటుంది. వెళ్ళిపోతుంది కూడా. పెద్దవాళ్ళకి ఎదురుచెప్పకూడదని దాన్ని ఊపిరాడకుండా పెంచాను. పెంచడం అయిపోయింది, ఇప్పుడా చుట్టు ఎలా విప్పను? అందుకే మీరొస్తున్నట్టు దానికి చెప్పలేదు. అందుకే పాముని గాజుపెట్టెలోంచి తీసి మీ పక్కన పెట్టాను. దడుచుకుని పోతారనుకున్నాను. మీరు గట్టిపిండమే.

శాంతి రైలొచ్చే వేళయింది. లేవండి.

లేవరా? నాచేత మర్యాద తప్పించకండి. ఇదుగో మీ సంచి, ఇవిగో చెప్పులు. ఆ కనకదుర్గ కాఫీ నీళ్ళయినా పొయ్యకుండా మెడపట్టి గెంటిందని సిడ్నీ అంతా చెప్పుకోండి. కాస్త పెంచే చెప్పండి. నాకేం పరవాలేదు.