పొత్రం వేసి ఊపితే

హలో… ఆఁ లలిత్, నేనే, వదినని. ఒక్క నిమిషం—

ఏవండీ, టైలు సంగతి తర్వాత చూద్దాం. పగిలింది ఒక్కటే. కింద చాప వెయ్యలేదని పొద్దుట్నించీ నన్నే అంటున్నారు. చాప కాదు కదా ఇక్కడ గొడవ—

… ఆఁ, మీ అన్నయ్యే. ఇంకా టైలు దగ్గరే ఉన్నారు.

… అదే చెప్తున్నా. రేపు మా అభిజిత్ కూతుర్ని ఉయ్యాలలో వెయ్యాలి కదా. మనింటి ఆనవాయితీ ప్రకారం ముందురోజే సన్నికల్లు పొత్రం వేసి ఊపాం. … ఉయ్యాల కట్టింది నువ్వు మెరుగు పెట్టి తెచ్చిన స్ప్రింగుకే. కోడలు చిన్మయి ఒక పాట పూర్తి చేసిందో లేదో, స్ప్రింగు విరిగింది. పొత్రం నేల మీద పడింది.

… లేదు, ఎవరికీ తగల్లేదు. పాప నా ఒళ్లో ఉంది.

… బరువా? అభిజిత్‌ని వేసినప్పుడూ ఇదే పొత్రం, ఇదే స్ప్రింగు. నల్లగా ఉండేది, అంతే. ఫొటోల్లో బాగుండదని, టికియాపారాలో నీ ప్లేటింగు షాపుకి పట్టుకెళ్లి క్రోమ్ పూత వేసింది నువ్వు.

… పాతబడిందా. విరిగిన చోట చూశాను లలిత్. తుప్పు లేదు. సాగలేదు, వంగలేదు. సుద్దముక్కలా విరిగింది.

… నాకెలా తెలుసంటే, నువ్వు చెప్పబట్టే. పోయిన దుర్గాపూజలకి వచ్చి పెసరట్టు తింటూ అంతసేపు చెప్పావు. పూత వేసేటప్పుడు గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ దూరుతుందని. వెంటనే ఓవెన్లో పెట్టి గంటల తరబడి వేడి చేస్తే గానీ బయటికి పోదని. క్రోమ్ పొరలో కంటికి కనపడని బీటలుంటాయని, అస్తమానం ఊగే వస్తువైతే ఆ బీట ఉక్కులోకి పాకుతుందని. నేను కెమిస్ట్రీ చదివానని నాకు మరీ విడమరిచావు.

మరి దీన్ని ఓవెన్లో పెట్టావా?

… ఓవెన్ చెడిపోయిందా. ఎప్పట్నించి?

… రథయాత్ర నించీ. అంటే— ఆగు. మెటియాబ్రుజ్‌లో ఉయ్యాలలు కుట్టి అమ్మే అన్సార్ దాదాకి పంపిన స్ప్రింగులు?

… అవీ అంతేనా.

… ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు, అంటావు. ఛీ. కొన్నవాళ్లు ముందు పొత్రం వేసి చూస్తారనుకున్నావా? నేరుగా పిల్లల్నే వేస్తారు.

… పరువు. మనింటి మాట మనింట్లోనే ఉండాలంటావు. … వద్దు, అలా మెత్తగా మాట్లాడకు. వినడానికే రోతగా ఉంది.

… అన్నయ్యకి ఫోన్ ఇవ్వను. అందరూ భోజనానికి కూర్చున్నారు. లైన్లోనే ఉండు. వాళ్లకి చెప్పేది నువ్వూ విను.

ఏవండీ. అభీ, చిన్మయీ. రేపు ఉయ్యాల లేదు. బియ్యంలో పేరు రాస్తాం, అంతవరకే. లలిత్ ఓవెన్లో పెట్టకుండా అమ్మిన స్ప్రింగులన్నీ వెనక్కి వచ్చాకే మన పాప ఉయ్యాల ఎక్కుతుంది.

… పిలిచినవాళ్లకి నేను చెప్పుకుంటానండీ. చిన్మయీ, నీ పిల్ల. నువ్వేమంటావు?

… తలూపింది, లలిత్.

భోజనం కాగానే నేనూ అభీ మెటియాబ్రుజ్ వెళ్తున్నాం. విరిగిన ముక్కలు సంచీలో పెట్టాను.

… నువ్వు మాకంటే ముందు చేరితే నువ్వే చెప్పుకో. చేరకపోతే నేను చెప్తాను.

… చినతాతగా మొదటి ఊపు నీదే, ఎవరు కాదన్నారు? ఉయ్యాల వేసే రోజు వచ్చి ఊపు. ముందు పొత్రాన్ని.

పెట్టేస్తున్నా. ఏవండీ, పప్పు చల్లారిపోతోంది, వడ్డించుకోండి.