సేపుచెట్ల దశరథ

ఏందిరా శంకర్, గా జామకొమ్మను మొండికత్తితోటి గట్ల గీరుతున్నవ్? కొడితే సాపుగ కొట్టాలె, లేకుంటే ఊకోవాలె. దశరథ సూస్తే నీ చెయ్యి ఇరగ్గొడ్తుండె. ఏ దశరథనా? మన చివ్వెంల దశరథరా, మీ నాయిన గూడ పుట్టకముందు సంగతి. లడాయికని మిలట్రీల జేరిండు. తుపాకి పట్టిండో లేదో దేవునికెరుక, ఎక్కడ్నో సలికొండలల్ల తెల్లదొర సేపుతోటల, గదే ఆపిల్ పండ్ల తోటల, కొమ్మలు కొట్టిండంట. తిరిగొచ్చినంక ఊరంత పరేషాన్. ఏ చెట్టు కింద కూసున్నా, "మా కాడ సేపుచెట్టు గిట్లుండదు, నడిమిట్ల ఖాళీ ఉండాలె, పిట్ట గీ దిక్కుకెల్లి గా దిక్కుకు తగలకుంట పోవాలె" అంటడు. గింత జేసినవ్, సేపుపండు తిన్నవా బిడ్డా అని మా అమ్మ అడిగితే, "ముట్టనియ్యరు పెద్దమ్మా" అన్నడు. అయినా మాటలు మాత్రం తగ్గలే.

గప్పుడు కాటమ్మ అని ఒకామె ఉండె. మొగడు పోయిండు, పిల్లలు చిన్నోళ్లు. ఆమెకున్నదల్లా బాయికాడి జామతోట. పండ్లు గంపల పెట్టుకొని సూర్యాపేట అంగడికి పోతేనే ఇంట్ల పొయ్యి ఎలిగేది. సూసేటోడు లేక చెట్లు ఏపుగ పెరిగి, కొమ్మల్ల కొమ్మలు జొచ్చి, కాపు బందయింది. ఆమె బావ మల్సూర్‌కు గదే గావాలె. కాయని చెట్లు ఎందుకు, కొట్టేసి పల్లికాయ ఏస్త, తోట నాకియ్యండ్రి అని పెద్దమనుషులను కూసోవెట్టిండు. మీసాలు దువ్వుడు తప్ప ఇంకో పనెరుగని మనుషులు గాళ్లు. వచ్చేడు దాంక సూడుండ్రి, కాయకపోతే మల్సూర్‌దే అని తీర్పు జెప్పిండ్రు.

కాటమ్మ పోయి దశరథను బతిమాలుకున్నది. వాడు మిలట్రీ టోపీ పెట్టుకొని గొడ్డలి పట్టుకొని వచ్చిండు. మనకాడ కాయని చెట్టును బెదిరిస్తరు, ఎరికే గద? ఒకడు గొడ్డలి లేపి "నరుకుతా" అనాలె, ఇంటి మొగోడు అడ్డమొచ్చి "ఆగు, వచ్చేడు కాస్తదిలే" అనాలె. ముందుగాల గా పద్ధతి కానియ్యి, ఎన్క నా పని జేస్త అన్నడు దశరథ. ఇంటి మొగోడంటే మల్సూరేనాయె. దశరథ గొడ్డలి లేపి "నరుకుతా" అన్నడు. మల్సూర్ గట్టు మీద కూసోని చుట్ట తాగుతుండు, ఉలకలే పలకలే. దశరథ మల్ల అన్నడు, జర గట్టిగ. ఊహూ. మిలట్రీ మనిషి గద, లేపిన గొడ్డలి ఆర్డర్ లేంది ఎట్ల దించుతడు? పెద్దకొమ్మ మీద ఒక్కటేసిండు. మల్సూర్ దిక్కు సూసిండు. ఇంకోటేసిండు. పొద్దుగూకేసరికి తోటంత మోళ్లే. కాటమ్మేమో గిదంత సేపుచెట్ల పనితనమే అనుకొని చేతులు గట్టుకొని నిలవడ్డది. ఆఖరికి, "ఏం దశరథా, పిట్ట పోయేటందుకు ఇంకా జాగ సాలలేదా" అనడిగింది. వాడు చెమట తుడుసుకొని, "ఆపేటోడు లేకపాయె వదినా" అన్నడు. ఆమె గాడనే కూలవడి ఏడ్సింది.

కోదాడ పండ్ల బేరగాడొచ్చి, "ఏమ్మా, ఇవి చెట్లా, గేదెల్ని కట్టే గుంజలా" అని నవ్వి పోయిండు. గప్పుడు పట్టుకున్నదిరా దశరథకు సిగ్గు. వానలు పడి మోళ్లకు చిగుళ్లు లేస్తే, రోజూ పొద్దుగాల పోయి లోపటివి గిల్లేసేది, బయటి దిక్కుకు పోయేటివి ఉంచేది. కొమ్మ జర సాగంగనే తాడుతోటి రాయి ఏలాడదీసి వంచేది. చెట్లకు చెవికమ్మలు పెట్టిండని ఊరంత ఒకటే నవ్వుడు. రజాకార్ల లొల్లిల జనం పానాలు అరచేతుల పెట్టుకొని ఉంటే, ఈయన వాగుల రాళ్లు ఏరుకుంటుండు. రజాకార్లు ఖతమైన యేడు సలికాలం సూడాలె, వంచిన కొమ్మలకు కణుపు కణుపుకు కాయ.

ఇగ వచ్చిండు మల్సూర్, పెద్దమనుషులను ఎంటేసుకొని. "నేను ఊకుండవట్టే గద చెట్లు నిజంగ భయపడ్డయ్. ఆపి ఉంటే గిట్ల కాసేటియా? సగం నాది" అన్నడు. అదీ నిజమే గద అని ఒకాయన తలకాయ ఊపిండు కూడ. గప్పటిదాంక బావ ముంగల కొంగు జారనియ్యని మనిషి కాటమ్మ. గంప నెత్తికెత్తుకొని, "అవు బావా, గానాడు నా తోట పోతుంటే ఊకున్నవ్. ఇయ్యాల గూడ ఊకో" అని అంగడి తొవ్వ పట్టింది.

దశరథనా? గా దినం నుంచి సేపుచెట్ల ముచ్చట బంద్ వెట్టిండు. జామచెట్ల ముచ్చట షురూ జేసిండు, గదింకా పెద్ద గోస. వాడు పోయినంక ఊరు సప్పగైందిరా, నిజం జెప్తున్న.

కత్తి పక్కకు వెట్టు. మీ అవ్వ అన్నానికి పిలుస్తుంది.