ఒట్టి నీలి లైటు

హలో... ఆఁ, వినిపిస్తోందా అండీ? అందరూ బాగున్నారా? తిన్నారా? ఒక్క ఐదు నిమిషాలు ఫోన్ పెట్టెయ్యకుండా వినండి. నాచారంలో బిందుమాధవి అనే అమ్మాయి నడిపే చేపల తొట్ల దుకాణం. ఊరి నుంచి వచ్చిన అల్లుడు తేజేష్‌ను ఉప్పల్ మెట్రో దగ్గర స్కూటర్ ఎక్కించుకుని, ఇంటికి పోనివ్వకుండా నేరుగా ఇక్కడికే పట్టుకొచ్చాడు ఆగయ్య. అల్లుడు బయట బండి పెట్టే చోటు వెతుకుతున్నాడు. అల్లుడి బ్యాగు మోసుకుంటూ మామ లోపలికి ఉరికాడు. ఇక వాళ్ల మాటల్లోనే వినండి.

"బిడ్డా, జర జల్ది ఇను. మా అల్లుడు బండి వెట్టి వస్తున్నడు. ఏ లైటు మంచిదని అడుగుతడు. ఒట్టి నీలి లైటే మంచిదని జెప్పు."

"ఏ తొట్టికి అంకుల్?"

"సముద్రపు నీళ్ల తొట్టి. అండ్ల పగడాలున్నయి. పాణమున్నయి."

"వాటికైతే నీలం, తెలుపు రెండూ కలిసింది తీసుకోండి. అదే..."

"తెలుపు వద్దు! తెలుపన్న మాటే ఎత్తకు."

"ఎందుకు?"

"నీకెందుకమ్మా? అమ్మెటోళ్లు అమ్మాలె."

"తెలుపు వద్దని ఇంతవరకు ఎవరూ అడగలేదు అంకుల్. పగడాలు తెల్లబడ్డాయా?"

"మెల్లగ, మెల్లగ మాట్లాడు."

"తెల్లబడ్డాయన్నమాట."

"సున్నం గొట్టినట్టు అయినయి. నీలి లైటుల ఏదైనా రంగురంగుల మెరుస్తదట గద. ఫోన్ల జూసిన."

"అసలేం చేశారు?"

"మా అల్లుడు, మా బిడ్డ ఆమని కాకినాడకు వోయిన్రు. అల్లుని నాయినకు ఆపరేషన్. ఉప్పల్ల ఫ్లాటు తాళం చెవి నా చేతుల వెట్టి పోయిన్రు. పోయినంక ఆ తొట్టి లైటు ఖరాబయింది. దవాఖానల ఉన్న మనిషిని లైటని, చేపలని ఏం సతాయిస్తమని... నేనే ఒకటి వెట్టిన."

"ఏ లైటు?"

"మల్లాపూర్ల లైట్ల కంపెనీల జేస్త నేను. ఫ్లడ్ లైట్లు బిగిస్తం. గోదాములకు, ఆటల గ్రౌండ్లకు..."

"అయ్యో! గ్రౌండుకు పెట్టే లైటు తొట్టి మీద పెట్టారా?"

"ఉన్నదాంట్ల మంచిది ఏరి వెట్టిన! చీకట్ల బుగులుపడ్తయేమోనని రాత్రి గూడ బంద్ జెయ్యలే."

"తెల్లబడుతుంటే చూడలేదా?"

"మురికి వోయి సాఫ్ అయితున్నయనుకున్న బిడ్డా. మురిసిన గూడ. అల్లునికి ఫోటో వంపుదామనుకున్న. తెల్లగైతే సచ్చినట్టేనని ఫోన్ల వీడియో జూసినంక తెలిసింది. నిన్న బంద్ జేసిన."

"ఉన్నదున్నట్టు చెప్పెయ్యండి. అల్లుడే కదా, ఏమంటాడు?"

"నీకు తెల్వది. మా బిడ్డ ఈయననే జేస్కుంటనంటే, ఆంధ్రోళ్ల పిలగాడు మనకొద్దని వాకిట్లకెల్లి ఎల్లగొట్టిన. ఏండ్లకేండ్లు మాటల్లేవు. మొన్న మొన్ననే కలిసినం. ఆ తాళం చెవి ఆయన నన్ను నమ్మి ఇచ్చిన మొదటి వస్తువు. ఇది గిట్ల తెలిస్తే మళ్ల నా మొకం జూస్తడా? అగో, వస్తున్నడు. నీలిది! యాది వెట్టుకో!"

"మామయ్యగారూ, ఆ బ్యాగు ఇలా ఇవ్వండి. బరువు."

"ఉండనియ్ అల్లుడా, నేను వట్టుకుంట. ఏం దెచ్చినవ్ గింత బరువు? కాకినాడ కాజాలా?"

"ఆ... అలాంటివే."

"రాత్రంత రైల్ల వడి వచ్చినవ్. అంగి ఇస్త్రీ గూడ నలగలే. దొరబాబు లెక్క దిగినవ్."

"పైబెర్తు దొరికింది లెండి. ఇంటికెళ్లకుండా ఇక్కడికెందుకొచ్చామో చెప్పనేలేదు మీరు."

"అదే... నీ తొట్టి లైటు ఖరాబయింది. కొత్తది నేనే కొనియ్యాలని. అల్లునికి ఇప్పటిదాంక ఏం వెట్టలే గద నేను."

"ఇప్పుడవెందుకు? పగడాలెలా ఉన్నాయి?"

"ఉన్నయి."

"బాగున్నాయా?"

"ఉన్నయంటున్న గద! యాడికి వోతయి? అమ్మా, సారుకు ఆ నీలి లైటు సూపెట్టు."

"ఇదిగోండి సర్. ఒట్టి నీలం."

"తెలుపు కలిసింది లేదా అండీ?"

"ఉంది సర్, కానీ..."

"అది మంచిగ లేదంట. ఏం బిడ్డా, చెప్పు."

"నన్ను మధ్యలోకి లాగకండి అంకుల్."

"ఈ నీలం వెలుగు ఎంతవరకు తగ్గుతుందండీ? బాగా సన్నగా, మసకమసగ్గా అవుతుందా?"

"అవదు సర్. వేస్తే పూర్తిగా వెలుగుతుంది. తెలుపు కలిసిందైతే దేవుడి దీపమంత చిన్నగా పెట్టుకోవచ్చు."

"తగ్గించుడెందుకు అల్లుడా? తొట్టి అన్నంక ధగధగ మెరవాలె."

"ఒక్కమాట అడుగుతానండీ. ఎక్కువ వెలుగు తగిలి పగడం తెల్లబడిందనుకోండి. దాని మీద ఈ నీలం వేస్తే?"

"గదేం మాట పొద్దుగాల పొద్దుగాల! ఎందుకు తెల్లవడ్తది?"

"ఊరికే అడుగుతున్నా మామయ్యగారూ."

"పైకి మెరుస్తుంది సర్. లోపల చచ్చిపోతుంది."

"ఇంక సచ్చేదేంది? తెల్లగయిందంటే అప్పటికే సచ్చినట్టు గద?"

"కాదు అంకుల్! దాని ఒంట్లోనే సన్నటి నాచు ఉండి తిండి పెడుతుంది. వెలుగు ఎక్కువైతే ఆ నాచు పోతుంది, రంగూ పోతుంది. ఆకలి మీద ఉంటుంది, కానీ ప్రాణముంటుంది. సన్నటి వెలుగులో పెట్టి, మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతే రంగు మళ్లీ రావచ్చు. నీలమైనా వెలుగే కదా? పూర్తిగా కొడితే ఉన్న ప్రాణం కూడా పోతుంది."

"బతుకుతదా? సన్న లైటు వెడితే బతుకుతదా?"

"బతకొచ్చు. నేను మాటివ్వలేను."

"సరేలెండి. మామయ్యగారు మొదటిసారి కొనిపెడుతున్నారు, ఆయన మాటే కానివ్వండి. ఆ నీలమే ప్యాక్ చెయ్యండి."

"సర్, నిజంగానా?"

"చెయ్యండి."

"అంకుల్... చెయ్యనా?"

"జర మెల్లగ కట్టు బిడ్డా."

"అంకుల్, డబ్బా మూసేస్తున్నా."

"ఆగు! ఆగు బిడ్డా. అల్లుడా, ఆ లైటు వద్దు."

"ఇందాకటి నుంచీ మీరే కదా..."

"వద్దంటున్న గద! పగడాలు తెల్లగయినయి. అన్నీ అయినయి. నేనే జేసిన. కంపెనీ లైటు దెచ్చి నీ తొట్టి మీద వెట్టిన. నీకు కనవడొద్దని ఈ నీలిది కొనిపిస్తున్న. ఇగో, నీ తాళం చెవి. రావొద్దంటే మళ్ల నీ ఇంటికి రాను. గని వాటికి ఇంక పాణమున్నదట. ఆ సన్న లైటు తీస్కో, పోదాం పా."

"తాళం జేబులో పెట్టుకోండి."

"గదేంది? తిట్టు జర!"

"ఆ బ్యాగు తెరవండి."

"ఇప్పుడు కాజాలెందుకు?"

"తెరవండి. ఈవిడకి కూడా చూపిద్దాం."

"తువ్వాల చుట్టి తెచ్చినవేంది... ఓరి! గిది నా ఫ్లడ్ లైటు! నిన్న నీ ఇంట్ల బంద్ జేసి వచ్చిన. నీ సంచిలకెట్లొచ్చింది?"

"ముందు రైలుకే వచ్చేశాను మామయ్యా. నా దగ్గరున్న రెండో తాళంతో లోపలికెళ్లాను. తొట్టి చూశాను, స్నానం చేశాను, ఎంత వెలుగు తగిలిందో ఈవిడకి చూపిద్దామని దీన్ని విప్పి సంచిలో పెట్టాను. ఇంతలో ఆమని ఫోను, మా నాన్న మెట్రో కింద నీకోసం నిలబడ్డాడని... మీ అంతట మీరే చెప్తారేమోనని, స్టేషన్ అటువైపు నుంచి పైకెక్కి, ఇప్పుడే దిగినట్టు మీ ముందు మెట్లు దిగాను."

ఇదండీ సంగతి. ఇక పెట్టేస్తున్నా. చెప్పలేక నలుగుతున్న మామో, తెలిసీ ఊరుకున్న అల్లుడో మీ ఎరుకలో ఉంటే, ఈ కథ వాళ్ల ఫోనుకు పంపించండి.