మోసే వంతు

హిమానీనదం మీద సాయంత్రం ముంచుకొస్తోంది. వీపున బరువులతో వదిన ముందు, ఆవిడ భర్త చెల్లెలు వెనక.

“ఇక్కడా వద్దా? ఇక్కడేం రోగం, తల్లీ?”

“పైనుంచి రాళ్ళు దొర్లుతాయేమో వదినా. ఇంకొంచెం ముందుకెళ్దాం.”

“ఇందాక నీళ్ళ పక్కనంటే పొంగుతాయన్నావు. అంతకుముందు గాలి ఎక్కువన్నావు. బట్టల కొట్లో కూడా ఇన్ని వంకలు పెట్టవు కదే.”

“కాస్త నడుద్దాం వదినా. కాస్తే.”

“ఎక్కడికి? మంచు మొదలైంది. నా మోకాలు ఇక నా మాట వినదు. దించు బ్యాగు.”

“దించను.”

“దించనంటే?”

“దించనంటే... వదినా, టెంటు లేదు.”

“ముందు దించు.”

“విన్నావా? టెంటు లేదు. పొద్దున ఆరబెట్టిన బండ మీదే ఉండిపోయింది.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి? మర్చిపోయాననుకుంటున్నావా? మర్చిపోలేదు. ఇవాళ మోసే వంతు నీది. నిన్నా నీదే. మోకాలు, మోకాలు అంటూ రోజూ నా నెత్తిన రుద్దావు. ఒళ్ళు మండింది. వదిలేసి ముందు నడిచాను. వెనక వచ్చేదానివి నువ్వే తీసుకుంటావులే అని.”

“మరి?”

“మరేముంది, కనుమ దాటాక చూస్తే నీ బ్యాగు మీదా లేదు. కళ్ళజోడుకి ఆవిరి పట్టి నీకు కనబడలేదని అప్పుడర్థమైంది.”

“అప్పుడైనా చెప్పొచ్చుగా. వెలుగుండేది.”

“తిడతావని. తర్వాత చెప్దాం, తర్వాత చెప్దాం అనుకుంటూ ఇంతదూరం తెచ్చాను. ఇప్పుడు వెనక్కెళ్దామా?”

“చీకట్లో ఆ మంచు పగుళ్ళ మీంచా? ఒక్క కాలు జారితే మీ అన్నయ్యకి మన ఎముకలు కూడా దొరకవు.”

“ఇక్కడే ఉంటే?”

“తెల్లారేదాకా ఒంట్లో వేడి నిలిస్తే బతుకుతాం.”

“నిలవకపోతే?”

“మాటలాపి ఈ రాళ్ళ చాటుకి రా. తాడు కింద పరుచు. తడి మేజోళ్ళు విప్పెయ్. ఊఁ, నా పక్కకి దూరు. పాదాలు నా పిక్కల మధ్య పెట్టు. అబ్బా, మంచుముక్కల్లా ఉన్నాయి.”

“వదినా, పాప గుర్తొస్తోంది. నిన్ను వెళ్ళనివ్వనని కొంగు... కోటు పట్టుకుని ఏడుస్తుంటే, మీ అమ్మని నేను తెస్తాగా అని దానికి మాటిచ్చాను.”

“పాప ఊసెత్తకు.”

“తిట్టు వదినా.”

“పడుకో.”

“గిన్నె మాడితే గంటసేపు తిడతావు. ఇవాళ నోరెందుకు పెగలట్లేదు?”

“ఊపిరి దండగ. కదలకు.”

“నువ్వు తిట్టకపోతే చచ్చేంత భయంగా ఉంది. నా కొంప ముంచావు కదే అను. ఒక్కసారి అను.”

“అనలేను.”

“ఎందుకనలేవు? తప్పు నాదేగా?”

“నాకు కనబడింది.”

“ఏంటి?”

“టెంటు. చెయ్యి చాపితే అందేది. నీ నోటితో నువ్వే ఒప్పుకోవాలని, ఒప్పుకున్నాక నాలుగు దులపాలని, పొద్దుటినుంచీ కాచుకుని ఉన్నాను.”